బాణం గీశారు సరే, ఎందుకు గీశారో రాశారా?

మొన్న ఒక రివ్యూ మీటింగ్‌లో రెండు గంటలు కూర్చున్నాం, రిలీజ్ డేట్ 12 రోజులు జరిగింది, దాన్ని ఎలా వెనక్కి లాగాలా అని. స్క్రీన్ మీద షెడ్యూల్, ఎటు చూసినా ఎర్ర బార్లే. అందులో ఒకచోట, పేమెంట్స్ టెస్టింగ్ పూర్తయితే గానీ రిపోర్ట్స్ టెస్టింగ్ మొదలవ్వకూడదని లింక్ ఉంది, అంటే ఒక పని నుంచి ఇంకో పనికి గీసే బాణం. ఎందుకండీ ఇది అని అడిగా. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. షెడ్యూల్ వేసినాయన వేరే టీమ్‌కి వెళ్లిపోయాడు, ఫోన్ చేస్తే "అప్పట్లో టెస్టర్ ఒక్కడే కదా, అందుకని వరసగా పెట్టా" అన్నాడు. ఇప్పుడు టెస్టర్లు ముగ్గురు! కారణం పోయి నాలుగు నెలలైంది, బాణం మాత్రం అక్కడే ఉంది, మేమేమో అది తలరాత అన్నట్టు దాని చుట్టూ శని ఆదివారాలు కూడా పనిచేయించే ప్లాన్లు వేస్తున్నాం. లింక్ తీసేస్తే 12లో 9 రోజులు వెనక్కొచ్చాయి. నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది, అంతకుముందు రెండు వారాలు జనం నిద్ర మానుకుని పనిచేశారు మరి.

షెడ్యూల్‌లో బాణాలన్నీ ఒక్కలాంటివి కావు. స్లాబ్ గట్టిపడకుండా సెంట్రింగ్ ఊడదీయలేం, అది ఎవరి మాటా వినదు. పర్మిషన్ రావాలి, సామాను దిగాలి, అవి బయటివాళ్ల చేతిలో ఉంటాయి. మనిషి ఒక్కడే, క్రేన్ ఒక్కటే కాబట్టి వరసగా పెట్టినవి కొన్ని. ఇక మిగతావి మన అలవాటు, మన ఇష్టం, "ఎప్పుడూ ఇలాగే చేస్తాం" బాపతు. పీఎంపీ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షకి చదివినవాళ్లందరికీ మాండేటరీ (తప్పనిసరి), డిస్క్రిషనరీ (మన ఇష్టం) అనే మాటలు నోటికొచ్చు, పరీక్ష అయ్యాక మాత్రం ఒక్కళ్లూ వాడరు. షెడ్యూలింగ్ టూల్ చూస్తే లింక్ రకం అడుగుతుంది, లాగ్ (మధ్యలో ఆగాల్సిన రోజులు) ఎంత అని అడుగుతుంది, ఎందుకు అని అడగదు. బొమ్మలో అన్నీ ఒకే గీత, లేటయినప్పుడు ఏది కదుపుకోవచ్చో ఏది కదపకూడదో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

1957లో డూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల వాళ్లు కలిసి షెడ్యూల్ వేయడానికి క్రిటికల్ పాత్ పద్ధతి తయారుచేసినప్పుడు, మరుసటి ఏడాది అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే అలాంటి పద్ధతే తెచ్చినప్పుడు, బొమ్మలో పనే బాణం. ఒకటి అయిపోతేనే ఇంకోటి, రెండు పనులు కలిసి నడుస్తాయని చూపాలంటే వాటిని ముక్కలు చేసుకోవాల్సిందే. 1961లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ జాన్ ఫాండాల్ ఆ పనిని బాణం మీంచి తీసి గుండ్రాల్లో పెట్టి, మధ్యలో గీతని కేవలం సంబంధంగా మిగిల్చాడు. గీతకి రకాలు ఆ దారిలోనే వచ్చాయి, స్టార్ట్-టు-స్టార్ట్ (రెండు పనుల మొదళ్లని కట్టేది), ఫినిష్-టు-ఫినిష్ (చివరల్ని కట్టేది) అన్నీ. ఇన్నేళ్లయినా మనలో చాలామంది డిఫాల్ట్‌గా వచ్చే ఫినిష్-టు-స్టార్ట్ (ఒకటి అయ్యాకే ఇంకోటి మొదలు) దాటి బయటికి రారు.

వచ్చినవాళ్లు కూడా సగంలో ఆగిపోతారు, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. కాలువ తవ్వడం 10 రోజులు, అందులో పైపు వేయడం 10 రోజులు అనుకోండి. వరసగా పెడితే 20 రోజులు. కానీ మొత్తం తవ్వేదాకా పైపు వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు కదా, 3 రోజులు తవ్వాక వెనకాలే దిగొచ్చు, అంటే స్టార్ట్-టు-స్టార్ట్, 3 రోజుల లాగ్. 13వ రోజుకి రెండూ పూర్తి, 7 రోజులు మిగిలాయి, అందరూ హ్యాపీ. తర్వాత రాయి తగిలి తవ్వకం 15 రోజులకి సాగింది. అప్పుడు షెడ్యూల్ చూడండి, తవ్వకం 15వ రోజుకి అవుతుంది, పైపు మాత్రం 13వ రోజుకే అయిపోయినట్టు చూపిస్తుంది! తవ్వని నేలలో పైపు ఎలా వేశారు? సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, ఎందుకంటే మొదళ్లని కట్టాం, చివరల్ని వదిలేశాం. అదే ఫినిష్-టు-ఫినిష్ 2 రోజుల లాగ్‌తో ఇంకో లింక్ ఉంటే పైపు 17వ రోజుకి జరిగేది, తర్వాత మట్టి పూడ్చేవాళ్లకి ముందే తెలిసేది. ఒక్క లింక్ మర్చిపోతే నాలుగు రోజుల అబద్ధం.

లాగ్ ఏ క్యాలెండర్‌లో లెక్కేస్తున్నారో కూడా చూడండి. గట్టిపడే కాంక్రీట్ ఆదివారం సెలవు తీసుకోదు. వారానికి 5 పనిరోజుల క్యాలెండర్‌లో 7 రోజుల లాగ్ పెడితే అది కనీసం 9 రోజులవుతుంది, ఆ రెండు రోజులు ఊరికే పోయినట్టే.

నాకు అస్సలు పడనిది మైనస్ లాగ్. డేట్ సరిపోకపోతే చాలు, "డిజైన్ అయిపోవడానికి 5 రోజుల ముందు కొనుగోలు మొదలు" అని మైనస్ 5 కొట్టేస్తారు. అయిపోవడానికి సరిగ్గా 5 రోజుల ముందున్నామని ఆ రోజు ఎవరికి తెలుస్తుంది చెప్పండి? ఆర్డర్ పెట్టాక డిజైన్ ఇంకో పది రోజులు సాగితే ఆర్డర్‌ని వెనక్కి తీసుకుంటారా? కొనుగోలుకి నిజంగా కావాల్సింది ఏంటో అడగండి, బహుశా కొలతలు ఖాయమైతే చాలు. అయితే డిజైన్‌ని రెండుగా విడగొట్టి "కొలతలు ఖాయం" అని ఒక మైల్‌స్టోన్ (ఇక్కడిదాకా అయ్యింది అని చెప్పే గుర్తు) పెట్టి దానికి లింక్ కట్టండి. రోజుల లెక్కా కుదురుతుంది, అది అయ్యిందా లేదా అని సైట్‌లో ఎవర్నడిగినా చెప్తారు.

అలాగని ఇష్టంతో పెట్టిన లింకులన్నీ తీసిపారేయమని కాదు. స్క్రీన్ డిజైన్ ఓకే అయ్యాకే కోడ్ రాద్దాం అనేది మన నిర్ణయమే, దాని వెనక చేసిన పని మళ్లీ చేయాల్సొస్తుందన్న భయం ఉంది, ఆ భయం నిజమే కూడా. దాన్ని తెంచొచ్చు, కానీ తెంచేవాడు ఆ మళ్లీ-పని ఎన్ని రోజులో ముందే ఒప్పుకుని తెంచాలి, డెవలపర్ నెత్తిన వేసి పోకూడదు.

ఆ మీటింగ్ తర్వాత నేను ప్రతి లింక్‌కీ ఒక షీట్‌లో మూడు గడులు పెట్టుకున్నా: కారణం, ఎవరు చెప్పారు, ఎప్పుడు. "మనిషి ఒక్కడే" అని రాసినవి నెలనెలా మళ్లీ అడుగుతున్నా. కారణం గడి ఖాళీగా ఉన్నవి పసుపు రంగులో పెట్టా, నిన్న పాత షెడ్యూల్‌కి కూడా ఇదే చేస్తే మొదటి పేజీలో పసుపు కానిది రెండంటే రెండే లైన్లు కనిపించాయి.