ఓడకు దండం, పొలానికి దండన

గోధుమ అగ్గి తెగులు పాకుతుందన్న భయంతో, బంగ్లాదేశ్ సరిహద్దుకు అయిదు కిలోమీటర్ల లోపు గోధుమ వేయొద్దని 2017లో పశ్చిమ బెంగాల్ రైతును కట్టడి చేశారు. ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లోనైతే గోధుమ సాగుకే సెలవు ప్రకటించారు. అంతకుముందే అనుమానం వచ్చిన చేలను తగలబెట్టించారు. శిలీంధ్రం వల్ల వచ్చే ఆ తెగులు ఏం చేయగలదో తెలిసినవారెవరూ ఆ తొందరను తప్పుపట్టరు. మా అభ్యంతరం వేరే. ఆ శిలీంధ్రం నదియా రైతు పెంచుకున్నది కాదు. అది ఏ ఖండం నుంచి వచ్చిందో దాని జన్యుక్రమమే చెప్పింది. చెప్పి ఏళ్లు గడిచాయి. అయినా పొలం గట్టు మీద చూపిన కాఠిన్యం దిగుమతి ధాన్యం దిగే ఓడరేవులో మచ్చుకైనా కనిపించదు.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో దాదాపు 15 వేల హెక్టార్ల గోధుమకు ఈ తెగులు సోకింది. ఆసియాలో అదే మొదలు. దూరం నుంచి చూస్తే చేను పండినట్టే ఉంటుంది. దగ్గరికెళ్లి కంకి పట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. కాడ మీద ఒకచోట నల్లటి మచ్చ, ఆ పైనంతా తెల్లగా పాలిపోయిన కంకి, నలిపితే చేతిలో మిగిలేది తాలు. వరిలో మెడవిరుపు చూసిన మన రైతుకు ఇంతకంటే వివరించక్కర్లేదు. శిలీంధ్రం జాతి అదే, తెగ వేరు.

మరి అది బంగ్లాదేశ్ వరి మీది తెగే గోధుమకు ఎగబాకిందా, బయటి నుంచి వచ్చిందా? గాజీపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆచార్యుడు తోఫజ్జల్ ఇస్లాం, బ్రిటన్‌లోని నార్విచ్ సెయిన్స్‌బరీ ప్రయోగశాల శాస్త్రవేత్త సోఫియాన్ కమూన్ బృందాలు తెగులు సోకిన ఆకుల నుంచే నేరుగా ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారాన్ని మోసే అణువు) తీసి చదివాయి. పత్రం అచ్చయ్యేదాకా దాచుకోకుండా ఆ సమాచారాన్ని ప్రపంచం ముందు పెట్టేశాయి. కొద్ది వారాల్లోనే తేలింది, ఇది దక్షిణ అమెరికా గోధుమ మీద బతికే తెగ అని. 2018లో జాంబియాలోనూ ఇదే తెగులు కనిపించింది. 2023లో వెలువడిన అధ్యయనం రెండు దేశాల నమూనాలనూ పోల్చి, రెండూ ఒకే వంశమని, అయితే దక్షిణ అమెరికా నుంచి విడివిడిగా వచ్చాయని తేల్చింది. అంటే ఆ శిలీంధ్రం సముద్రాలు దాటింది ఒకసారి కాదు, రెండుసార్లు. గాలికి అంత ఓపిక ఉండదు. ఎవరో మోసుకొచ్చారు.

అసలు అది గోధుమకు ఎక్కిన కథ చదివితే ఇంకా ఒళ్లు మండుతుంది. బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో 1985లో తొలిసారి గుర్తించిన ఈ తెగులు వెనుక అనావాక్ అనే వంగడం ఉందని 2017లో జపాన్ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన పరిశోధన వివరించింది. రై గడ్డి లాంటి వాటి మీద బతికే శిలీంధ్రాన్ని పసిగట్టి అడ్డుకునే ఆర్‌డబ్ల్యూటీ3 అనే జన్యువు చాలా గోధుమ రకాల్లో ఉంది. అనావాక్‌లో లేదు. కావలివాడు లేని ఆ పంటను 1980లలో విస్తారంగా వేయించారు. శిలీంధ్రం ముందు దాని మీద కాలు మోపింది. ఆపై తనను పట్టిచ్చే జన్యువును పనిచేయకుండా చేసుకుని, కావలి ఉన్న రకాల్లోకీ చొరబడింది. వంగడాన్ని ఎంపిక చేసింది రైతు కాదు, ప్రచారం చేసిందీ రైతు కాదు. నష్టం మాత్రం రైతుదే.

ధాన్యం ఓడల్లోనే వచ్చిందనడానికి చేతికి చిక్కిన రుజువు లేదని దిగుమతిదారులు అనవచ్చు. సరే. దిగుమతి గోధుమ మీదే శాస్త్రవేత్తలకు బలమైన అనుమానం. అనుమానం ఉందనే కదా నదియాలో చేలు తగలబెట్టింది? రైతు దగ్గర అనుమానమే సాక్ష్యమైనప్పుడు ఓడ దగ్గర నిర్ధారణ ఎందుకు కావాలి?

ఈ రెండు నాలుకల ధోరణి గోధుమతో మొదలైంది కాదు. 2020లో ఉల్లి ధర మండగానే, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వులోని ధూమీకరణ షరతులను దిగుమతి ఉల్లికి కేంద్రం సడలించింది. ఆ పొగ పురుగుల కోసమే తప్ప శిలీంధ్రం కోసం కాదని మాకూ తెలుసు. మా ప్రశ్న అలవాటు గురించి. వినియోగదారు అరిస్తే నిబంధన కరుగుతుంది, రైతు అరిస్తే గట్టిపడుతుంది. దక్షిణాది టమాటాను దెబ్బతీసిన ఆకుమాడు తెగులునే చూడండి. జన్యు పరీక్షలో బయటపడింది యూరప్‌ను ముందే ఊపేసిన 13_ఏ2 అనే తెగులు సూక్ష్మజీవి రకం. అది కర్ణాటక తోటలకు నడిచి రాలేదు. అప్పుడు ఏ రేవు అధికారిని సంజాయిషీ అడిగారు? అడగని ఆ ఒక్క సందర్భమే తర్వాతివాటన్నిటికీ ఆనవాయితీ అయింది.

గోధుమ మన పంట కాదులే అనుకునే తెలుగువారికి ఒక మాట. ఈ గోధుమ శిలీంధ్ర వంశం రాగి పంట మీది అగ్గి తెగులు శిలీంధ్రంతో జతకట్టగలదని పైన చెప్పిన 2023 అధ్యయనం ప్రయోగశాలలో తేల్చింది. ఉత్తరాంధ్ర చోడి, తెలంగాణ తైదలు ఈ లెక్కలోకి వచ్చేవే. స్ట్రోబిలురిన్ తరగతి శిలీంధ్రనాశక మందులకు అప్పటికి లొంగినా, వాటిని తట్టుకునే రూపాలు దీనిలోంచి పుట్టగలవనీ ఆ అధ్యయనమే చూపింది. రేపు మందు పనిచేయకపోతే, మోతాదు తప్పావని అనిపించుకునేది కూడా రైతే.

గోధుమకు రక్షణనిచ్చే ఆర్‌ఎంజీ8 జన్యువు ఈ వంశం మీద పనిచేస్తుందని అదే పరిశోధన చెబుతోంది. వంగడాల్లోకి దాన్ని ఎక్కించే పని ఎంతవరకు వచ్చిందో వ్యవసాయ పరిశోధన మండలి రైతుకు లెక్క చెప్పాలి. రేవుల్లో దిగిన ధాన్యం నుంచి ఎన్ని నమూనాలు తీశారు, ఎన్నింటి జన్యుక్రమం చదివారు, ఆ ఫలితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి? బంగ్లాదేశ్ బృందం వారాల్లో బయటపెట్టగలిగిన సమాచారాన్ని మన యంత్రాంగం దస్త్రాల కింద పెట్టి కూర్చుంటే దాన్ని గోప్యత అనరు, పని ఎగ్గొట్టడం అంటారు. కేంద్ర వ్యవసాయ శాఖ ఈ అంకెలు ప్రకటించేదాకా ఏ జిల్లా అధికారీ అగ్గిపెట్టె పట్టుకుని పొలంలోకి దిగకూడదు. ముందు రేవుకు వెళ్లమనండి.