అధికార పరిధి దోషానికి శాంతి ఏమిటి?

ఆస్ట్రేలియాలో ప్రొటెక్షన్ వీసా, అంటే సొంత ఊరికెళ్తే ప్రాణభయం అనేవాళ్లకిచ్చే వీసా, రిజెక్ట్ అయినవాళ్లకు ఒక గొప్ప హక్కుంది. ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించే ట్రిబ్యునల్ కూడా కాదన్నాక 35 రోజుల్లోపు ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టుకు వెళ్లొచ్చు. ఈ మాట వినగానే మనవాళ్లు "పోన్లెండి, జడ్జిగారైనా మన గోడు వింటారు" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆయన వినరు. వినకూడదు కూడా.

వీసా అర్జీకి ఫీజు పదుల డాలర్లలోనే. కాదన్నారని కోర్టు తలుపు తట్టాలంటే 3 వేల డాలర్ల పైమాటే. డబ్బులేనివాళ్లకు తగ్గిస్తారు, కాకపోతే డబ్బు లేదని చూపించుకోవడానికి ఇంకో ఫారం నింపాలి. ఓడిపోతే, అవతలి పక్షమైన ఇమిగ్రేషన్ మంత్రిగారి లాయరు ఖర్చులు కూడా మామూలుగా మన నెత్తినే.

ఇంత కట్టించుకుని కోర్టు చూసేదేమిటి? ఊరికెళ్తే నిన్ను చంపుతారా లేదా అన్నది కాదు. కాదన్నవాడు పద్ధతిగా కాదన్నాడా లేదా అన్నది. పెళ్లిలో పప్పు మాడిందని మొత్తుకుంటే, పెద్దమనిషి వచ్చి వంటవాడు గరిట పట్టుకున్న తీరు చూసి, "బాగానే పట్టుకున్నాడే" అని తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయినట్టు.

కులాంతర పెళ్లి చేసుకుని, మామగారి మనుషులకు భయపడి పారిపోయి వచ్చిన కుర్రాడొకడు మెల్‌బోర్న్ కోర్టులో నిలబడ్డాడనుకుందాం. లాయరు లేడు, చాలామందికి ఉండడు. పక్కన తెలుగు ఇంటర్‌ప్రెటర్. మామగారి మనుషులు తన తమ్ముణ్ని కొట్టిన సంగతి కుర్రాడు మొదలుపెడతాడు. జడ్జిగారు మర్యాదగానే ఆపి, ట్రిబ్యునల్ నిర్ణయంలో జ్యూరిస్‌డిక్షనల్ ఎర్రర్, అంటే చట్టం ఇచ్చిన అధికారం దాటిన తప్పు, ఎక్కడుందో చెప్పమంటారు. ఇంటర్‌ప్రెటర్ గుటక మింగి అంటుంది: "అధికార పరిధి దోషం ఏమైనా ఉందా అని అడుగుతున్నారండీ."

దోషం! కుర్రాడి ముఖం వెలిగిపోతుంది. ఇన్నేళ్లకు ఒక్క తెలిసిన మాట వినబడింది. కుజదోషం తెలుసు, నాగదోషం తెలుసు.

"ఉందనే అనుకుంటున్నానండీ. పుట్టినప్పుడే చెప్పారు. శ్రీకాళహస్తిలో పూజ కూడా చేయించాం."

ఇంటర్‌ప్రెటర్ చెప్పింది చెప్పినట్టు అనువదించాలి, అది రూలు. అనువదిస్తుంది. మంత్రిగారి లాయరు లేచి, శ్రీకాళహస్తి పూజ ట్రిబ్యునల్ ముందు సాక్ష్యంగా లేదు కాబట్టి ఇప్పుడు పరిగణించరాదంటాడు. నిజానికి అతను చెప్పింది సబబే. ఆ కుర్రాడికి పట్టిన శని చూసి చెప్పగల పంతులు మాత్రం ఆ హాల్లో లేడు.

ఇక ట్రిబ్యునల్. పాత దాన్ని రద్దు చేసి, 2024 అక్టోబరు 14 నుంచి అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ అని కొత్త బోర్డు పెట్టారు. మన ఇండియా వాళ్ల అర్జీల మీద వచ్చే నిర్ణయాల్లో తరచూ కనబడే వాక్యం ఒకటుంది: దేశంలోనే ఇంకోచోటికి వెళ్లి బతకొచ్చు. నల్గొండలో భయమైతే ముంబై ఉందిగా! ఆధార్, ఫోన్ నంబరు, చుట్టాల వాట్సాప్ గ్రూపు ఉన్న ఈ కాలంలో, కూతుర్ని వెతకాలని పట్టుబట్టిన తండ్రికి ముంబై ఎంత దూరమండీ? కిరాయి మనుషులకు రైలు టికెట్ దొరకదా? ఆ అమ్మాయి గేటు చప్పుడైతే ఇప్పటికీ లైటు ఆర్పేసి కూర్చుంటుంది. ఆ వాక్యం రాసిన మనిషి ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకుని చూడాలి! అది తప్పని జడ్జిగారికి మనసులో అనిపించినా, అనిపించినంత మాత్రాన కొట్టేయలేరు. తప్పుగా తేల్చడం వేరు, చట్టం దాటి తేల్చడం వేరు.

ఈ కేసుల క్యూ ఇంత పొడవు పెరగడంలో మన ఏజెంట్ల చెయ్యీ ఉంది. స్టూడెంట్ వీసా అయిపోయినవాడికి కట్టుకథ రాసిచ్చి, "కేసు నడిచినన్నాళ్లు పని చేసుకోవచ్చు తమ్ముడూ" అనేవాళ్లు. వాళ్ల గురించి నా నోటికి వచ్చేది ఇక్కడ అచ్చుకు పనికిరాదు.

సరే, మన కుర్రాడు గెలిచాడనుకుందాం. నిజంగానే దోషం దొరికింది. తీర్పులో అతని పేరుండదు, రక్షణ కోసం బండి నంబరు లాంటి అక్షరాలూ అంకెలూ పెడతారు. ఈ ఒక్కటి బాగుంది. వీసా మాత్రం ఇవ్వరు, కోర్టుకు ఆ అధికారం లేదు. ఫైలు తిరిగి ట్రిబ్యునల్‌కే వెళ్తుంది. ఈసారి పద్ధతిగా కాదనొచ్చు.

బయటికొచ్చాక అతను ఇంటర్‌ప్రెటర్‌ని అడుగుతాడు: "అక్కా, ఇంతకీ నేను గెలిచినట్టా?"

సలహా ఇవ్వకూడదని ఆవిడకు రూలు. లిఫ్టు వైపు చూస్తుంది.