సవరణ: 1923 తీర్పు ఎవరికి వర్తించింది?

అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్ “తెల్లవాడు” కాడు కనుక దరఖాస్తు చేసుకొని పౌరుడయ్యే అర్హత లేదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1923లో తేల్చింది. ఆ కేసుపై గత టపాలో “1923 తర్వాత భారతీయులు అమెరికా పౌరులయ్యే దారి మూసుకుపోయింది” అని ఉంది. దాన్ని “వలస వచ్చిన భారతీయులు దరఖాస్తు చేసుకొని పౌరులయ్యే దారి 1946 వరకు దాదాపు మూసుకుపోయింది” అని చదువుకోగలరు.

అక్కడే పుట్టిన పిల్లల సంగతి వేరు. వారికి, అమెరికా గడ్డపై పుట్టినవారిని పౌరులుగా గుర్తించే 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ వర్తిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను 1895లో చైనా నుంచి తిరిగివస్తే దేశంలోకి రానివ్వలేదు. అతడు పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఒకే ఇంట్లో బిడ్డ పౌరుడు, తండ్రి పరాయివాడు!

థిండ్ తీర్పులోని తర్కం గురించి చాలామంది అడిగారు. 1922 నవంబరులో జపాన్‌కు చెందిన తకావో ఒజావాకు పౌరసత్వం నిరాకరిస్తూ, తెల్లవాడనిపించుకోవడానికి ఒంటిరంగు కాదు, కాకేసియన్ (యూరప్ వారిని చేర్చిన అప్పటి జాతి వర్గం) కావడమే ముఖ్యమన్నారు జస్టిస్ జార్జ్ సదర్లాండ్. మూడు నెలలు తిరిగేసరికి, థిండ్ కాకేసియన్ అయినా సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు కాడని ఆయనే రాశారు. అచ్చంగా గోడమీద పిల్లి వాటం. థిండ్ వాదన కూడా నాకు మింగుడుపడదు. తాను ఉన్నత కులపు ఆర్యుడినన్నాడే తప్ప, తెల్లవారికీ ఇతరులకూ మధ్య ఉన్న ఆ గీతే చెరిపేయమనలేదు.

మాజీ సైనికుడిగా థిండ్ చివరికి 1936లో పౌరుడయ్యాడు. భారతీయులకు ఆ దారి తెరిచిన 1946 చట్టం పుణ్యమా అని 1949లో పౌరసత్వం పొందిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. పౌరసత్వానికి జాతి షరతు మాత్రం 1952లో గానీ పూర్తిగా తొలగిపోలేదు.