ఎన్వీ గారికి గాజువాక నుంచి

అయ్యా ఎన్వీ (envy) గారూ,

ఇంగ్లీషు నిఘంటువులో కాపురముంటున్న మీకు, విశాఖపట్నం గాజువాక నుంచి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మీ పేరు పలికేవారే లేరు. మీ పనంతా జెలసీ గారే చేసుకుపోతున్నారు. ఉన్నది చేజారిపోతుందేమోనన్న భయం ఆయన, ఎదుటివాడికున్నది మనకు లేదే అన్న బాధ మీరు అని మా మాస్టారు విడమరిచి చెప్పారు. నిఘంటువులే ఏనాడో రాజీపడి మీ అర్థం కూడా ఆయనకు రాసిచ్చేశాయి, ఇక మేమెంత!

మొన్న ఋషికొండ వైపు ఒక మిత్రుడి గృహప్రవేశానికి వెళ్ళాను. తొమ్మిదో అంతస్తు. ఆయన బాల్కనీలో నిలబడితే సముద్రం. మా బాల్కనీలో నిలబడితే పక్కింటివారు ఆరేసిన లుంగీ. ‘‘జెలస్‌గా ఉందండీ!’’ అన్నాను నవ్వుతూ. ఆయన మురిసిపోయి నా విస్తరిలో ఇంకో బొబ్బట్టు వేయించారు. అదే మాట ‘‘మీ ఇల్లు చూస్తే నాకు కుళ్ళుగా ఉందండీ’’ అని ఉంటే? బొబ్బట్టు మాట దేవుడెరుగు, నేను లిఫ్టు దిగేలోపు గుమ్మానికి రెండో గుమ్మడికాయ వేలాడేది.

మా భాషలో మీ బంధువులకు కొదవ లేదు. అసూయ, ఈర్ష్య, మాత్సర్యం, ఓర్వలేనితనం, కడుపుమంట, ఏడుపు. ఒక్కటీ ‘నాకు’ పక్కన అంత తేలిగ్గా కూర్చోదు. ఏడుపెప్పుడూ అవతలివాడిదే. మా ఊరి మీదుగా పోయే లారీల వెనక చూడండి, ‘నన్ను చూసి ఏడవకురా’ అని ఉంటుంది. ‘నిన్ను చూసి ఏడుస్తున్నానురా’ అని రాయించుకున్న లారీ ఇంతవరకు నా కంటపడలేదు.

మీ వంశం కూడా విచారించాను. మీ మూలం లాటిన్ ‘ఇన్విడియా’ అట, అందులో ఉన్నది చూపే, అదీ చెడుచూపు. అంటే మీరు మా దిష్టికి వేలు విడిచిన చుట్టమే. జెలసీ గారిది గ్రీకు ‘జీలోస్’, ఉత్సాహాన్ని చెప్పే ‘జీల్’ ఆయన తోబుట్టువు. అందుకే కాబోలు అంత హుషారుగా అందరి నోళ్ళలో తిరుగుతున్నారు. ఆయన పక్కనైనా, మీ పక్కనైనా ఇంగ్లీషులో ‘ఆఫ్’ (of) రావాలట. ఒకరి మీద పడి ఏడ్చే అలవాటున్నవాళ్ళం కదా, మేము ‘ఆన్’ (on) పెడతాం.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు బొబ్బట్టు తిని ఊరుకోలేదు నేను. బాల్కనీ గ్రిల్లు మీద వేలు పెట్టి, రంగు కింద మినపగింజంత గోధుమరంగు మచ్చ చూపించి, ‘‘ఉప్పుగాలి కదండీ, ఇనుము నిలవదు’’ అన్నాను. ఇంటికొచ్చి అమరకోశం తిరగేశాను. ఓర్వలేకపోతే ఈర్ష్య. గుణంలో సైతం దోషం ఎంచితే అసూయ. మినపగింజతో సహా దొరికిపోయాను! పుస్తకం మూసేసి ఆయనకు ఫోను చేశాను. ‘‘మీ ఇల్లు ఇంకా కళ్ళ ముందే ఉందండీ. నిజంగా జెలస్!’’ అన్నాను. ఆదివారం మళ్ళీ భోజనానికి రమ్మన్నారు.

ఒక్క సందేహం తీర్చండి. మీ చోటు జెలసీ గారు లాక్కున్నారని మీకు కలిగే బాధ ఉంది చూశారూ, దాన్ని మీ పేరుతో పిలవాలా, ఆయన పేరుతోనా?

ఇట్లు,
లుంగీ కనిపించే బాల్కనీ యజమాని