దాచుకున్న సొమ్ముకు పూచీ ఎవరిది?

జింబాబ్వే రిజర్వు బ్యాంకు 2015లో తమ పాత డాలరును చెలామణీ నుంచి పూర్తిగా తొలగించింది. ఖాతాలో 175 పక్కన 15 సున్నాలు పెట్టినంత నిల్వ ఉన్నా, అంతకన్నా తక్కువ ఉన్నా, ఖాతాదారుకు దక్కింది 5 అమెరికన్ డాలర్లు. అంతకు మించి ఉన్నవారికి, 35 పక్కన 15 సున్నాలున్న మొత్తానికి ఒక డాలరు చొప్పున లెక్కగట్టారు. బ్యాంకు పుస్తకాల ప్రకారం అక్కడ ఎవరి సొమ్మూ పోలేదు, ప్రతి ఖాతాకూ చెల్లింపు జరిగింది.

కరెన్సీ విలువ కూలుతోందంటే చాలు, బంగారం కొనమని, డాలర్లు దాచుకోమని సలహాలు మొదలవుతాయి. అవి తప్పని అనలేం గాని, సగమే చెబుతాయి. చేతిలో ఉన్న వస్తువును మినహాయిస్తే, మనం పొదుపు అనుకునేదంతా నిజానికి మనకు మరొకరు పడిన బాకీ. ఆ బాకీ ఏ కరెన్సీలో ఉందన్నది ఎంత ముఖ్యమో, తీర్చవలసినవాడు ఎవరు, షరతులు మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నదీ అంతే ముఖ్యం.

నెలకు ధరలు 50 శాతం మించి పెరిగితే దాన్ని అతి ద్రవ్యోల్బణంగా లెక్కించాలని ఆర్థికవేత్త ఫిలిప్ కేగన్ 1956లో ఒక గీత గీశారు. ఆ వేగం ఏడాదిపాటు కొనసాగితే ధరలు దాదాపు 130 రెట్లవుతాయి. అలాంటి చోట డిపాజిట్ మీద వడ్డీ ఎంత అని అడగడంలో అర్థం లేదు. ఇది వ్యాపారుల అత్యాశతో పుట్టే జబ్బు కాదు. పన్నులతోనూ అప్పులతోనూ భరించలేని ఖర్చును ప్రభుత్వం నోట్ల ముద్రణతో నెట్టుకురావడం దీనికి మూలం. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించినప్పుడు, పని మానేసి నిరసన తెలిపిన కార్మికులను పోషించడానికి జర్మనీ చేసింది ఇదే. పన్ను విధించిన నాటికీ అది ఖజానాకు చేరే నాటికీ మధ్య డబ్బు విలువ కరిగిపోతుంది, లోటు పెరుగుతుంది, మళ్లీ ముద్రణాలయమే దిక్కవుతుంది. నోటును ఒక రాత్రి కూడా దగ్గర ఉంచుకోవడానికి జనం ఇష్టపడకపోవడంతో ధరలు ముద్రణ కన్నా వేగంగా పరుగెత్తుతాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 4.2 మార్కులున్న అమెరికన్ డాలరు 1923 నవంబరుకు 4.2 లక్షల కోట్ల మార్కులైంది.

మరి ఆ విలువంతా ఎటు పోయింది? చాలా భాగం అప్పులున్నవారికి చేరింది. ఇల్లు తనఖా పెట్టి యుద్ధానికి ముందు అప్పు తీసుకున్నవాడు చిల్లర కాగితాలతో దాన్ని తీర్చేశాడు, ఆ అప్పు ఇచ్చి వడ్డీతో బతుకుదామనుకున్న వృద్ధులు వీధిన పడ్డారు. అందరికన్నా పెద్ద రుణగ్రస్తుడు ప్రభుత్వమే. 1925 చట్టం తనఖా అప్పుల విలువను 25 శాతం మేరకు పునరుద్ధరించింది, ప్రభుత్వ బాండ్ల విషయంలో మాత్రం 2.5 శాతంతో సరిపెట్టింది. చట్టం రాసినవాడే బాకీదారు అయినప్పుడు ఇంతకన్నా ఆశించలేం. అలాగని అప్పు చేసి ఇల్లు కొనడమే మార్గమనీ చెప్పలేం. అద్దెలపై నియంత్రణ వల్ల 1923లో ఇంటి యజమానులకు వచ్చిన అద్దె నామమాత్రం, ఆ మరుసటి ఏడాది పాత ఇళ్లపై ప్రత్యేక పన్ను కూడా పడింది.

ధరల సూచీతో ముడిపెట్టిన డిపాజిట్ ఉంటే చాలనేవారు హంగరీని చూడాలి. 1946 జనవరిలో అక్కడ పన్నుల కోసం, బ్యాంకు నిల్వల కోసం అక్కడి కరెన్సీ పెంగోకు తోడుగా, సూచీతో కలిసి పెరిగే పన్ను పెంగో అనే లెక్కను తెచ్చారు. కొన్ని నెలలకు అదీ చెలామణీలోకి వచ్చి, అదీ కుప్పకూలింది. జులైలో ధరలు సుమారు 15 గంటలకోసారి రెట్టింపయ్యాయి. ఆగస్టు 1న వచ్చిన ఫోరింట్ ఒక్కటికి 20 కోట్ల పన్ను పెంగోలు ఇవ్వవలసి వచ్చింది.

డాలర్లను బ్యాంకులో పెట్టుకున్నవారికి అర్జెంటీనాలో ఎదురైంది వేరే దెబ్బ. 2001 డిసెంబరులో వారానికి 250 పెసోలకు మించి నగదు తీసుకోకుండా కట్టడి చేశారు. 2002 మొదట్లో డాలర్ డిపాజిట్లను డాలరుకు 1.40 పెసోల చొప్పున పెసోల్లోకి మార్చేశారు, కొన్ని నెలల్లోనే బజారులో డాలరు 3 పెసోలు దాటింది. ఇక బంగారం మాటకొస్తే, 1933లో అమెరికా ప్రభుత్వమే పౌరుల దగ్గరున్న బంగారాన్ని ఔన్సుకు 20.67 డాలర్ల లెక్కన అప్పగించమంది, మరుసటి జనవరిలో ధరను 35 డాలర్లు చేసింది.

కాబట్టి చిన్న పొదుపరి చూసుకోవలసింది దిగుబడి కన్నా ముందు పంపకాన్ని. మొత్తం సొమ్ము ఒకే బాకీదారు దగ్గర, ఒకే చట్టం కింద ఉండకూడదు. స్థిర వడ్డీకి పదేళ్లు కట్టిపడేసే డిపాజిట్లు, బాండ్లు, బీమా పాలసీలు అన్నింటికన్నా ముందు మునుగుతాయి, స్వల్పకాలికమైనవి కనీసం తప్పుకునే వ్యవధి ఇస్తాయి. సంపాదన తెచ్చిపెట్టే పనిముట్టును ఏ ఉత్తర్వూ సులువుగా సున్నా చేయలేదు. వీటికీ ఖరీదుంది. ఇంట్లో నగదుకు దొంగల భయం, భూమిని అవసరానికి వెంటనే అమ్ముకోలేం, గాభరాలో కొన్న బంగారానికి ఎక్కువ ధర పెట్టక తప్పదు. ఏది చేసినా పరుగు మొదలవక ముందే చేయాలి, ఆ తర్వాత తలుపులు మూసేది ప్రభుత్వమే.

జింబాబ్వే కథ 2015తో ముగియలేదు. 2009లో విదేశీ కరెన్సీలను అనుమతించాక అక్కడివారు ఈసారి బ్యాంకుల్లో అమెరికన్ డాలర్లు దాచుకున్నారు, కనీసం ఖాతా పుస్తకంలో అలాగే రాసి ఉంది. 2019 ఫిబ్రవరిలో ఆ నిల్వలను ఒకటికి ఒకటి చొప్పున కొత్త స్థానిక డాలర్లుగా ప్రకటించారు. అమెరికన్ డాలరు మారకం 2.5 స్థానిక డాలర్ల దగ్గర మొదలై, ఆ ఏడాది చివరికి 16 దాటింది.