మద్దెల పట్టిన చేతికి చోటేది?

రామప్ప గుడికి వెళ్లినవారు చూరు కింది మదనికలను తలెత్తి చూస్తారు. గోపికా వస్త్రాపహరణం చెక్కిన చోట రాయిని మీటితే సరిగమలు పలుకుతాయంటే చెవి ఒగ్గి వింటారు. నీళ్లలో తేలే ఇటుకల సంగతి తెలుసుకుని బయటికి వస్తారు. మరో పది నిమిషాలు ఆగి, మండపంలో వరసగా చెక్కిన చిన్న బొమ్మలను కూడా చూడమని మా మనవి. నడుమ ఒక నర్తకి, ఆమె పక్కన మద్దెలలు వేలాడదీసుకున్న స్త్రీలు. ఒళ్లు వంపు తిరిగి ఉంది, అరచేయి మద్దెల మీద ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో ఆడవాళ్లు మద్దెల వాయించడం శిల్పికి వింతగా తోచలేదు.

ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఇదే నేల మీద ఒక అమ్మాయి మృదంగం నేర్చుకుంటానంటే, ‘అది మగపిల్లల వాద్యం కదా’ అనేవారు ఇంట్లోనే ఉంటారు. రామప్ప శిల్పాలను, జాయప సేనాని నాట్య గ్రంథాన్ని శోధించి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. అందుకు తెలుగు జాతి ఆయనకు రుణపడి ఉంది. పేరిణి మగవారి వీరనాట్యంగా వేదిక ఎక్కింది. అదే గుడిలో మద్దెల పట్టుకున్న స్త్రీ మాత్రం ఇంకా రాతిలోనే ఉండిపోయింది.

ఆమెను పిలవడానికి తగిన చోటు మ్యూజియమే అని మేము నమ్ముతున్నాం. వరంగల్, కరీంనగర్ పురావస్తు ప్రదర్శనశాలల్లో, ఖిలా వరంగల్‌లోని ఖుష్ మహల్‌లో, మేడారం గిరిజన మ్యూజియంలో నెలకొకసారి మహిళా వాద్యకారుల చిన్న కచేరీలు పెట్టాలి. మైకు అక్కర్లేదు. వంద మందికి మించి శ్రోతలు అక్కర్లేదు. టికెట్టు అసలే ఉండకూడదు.

ఇది గాలిలో మేడ కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో స్త్రీల కళకే అంకితమైన ‘నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్’ 1987 నుంచి ఉంది. షెన్సన్ సోదరుల పేరు మీద అక్కడ జరిగే ఛాంబర్ సంగీత కచేరీలలో వాయించేది మహిళలే, ప్రవేశం ఉచితం. అంతకు చాలా ముందు, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో, బాంబుల భయంతో లండన్ నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను దూర ప్రాంతాలకు తరలించారు. బోసిపోయిన ఆ గోడల మధ్య పగటి కచేరీలు మొదలుపెట్టింది మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు. ప్రవేశ రుసుము ఒక్క షిల్లింగు. 1946 దాకా 1,698 కచేరీలు జరిగాయి. గోడల మీద చూడడానికి ఏమీ లేని రోజుల్లోనూ జనం ఆ భవనానికి వస్తూనే ఉన్నారు.

ఛాంబర్ సంగీతమంటే గదిలో కూర్చుని వినే సంగీతం. పేరు పాశ్చాత్యులది కావచ్చు, అలవాటు మనకు కొత్త కాదు. మద్రాసు జార్జిటౌన్‌లోని తన ఇంట్లో వీణ ధనమ్మాళ్ శుక్రవారం సాయంత్రాలు వాయిస్తుంటే పెద్ద పెద్ద విద్వాంసులు చాప మీద కూర్చుని, దగ్గు వచ్చినా ఆపుకుని వినేవారట. వీణ స్వభావమే అంత. 24 మెట్లు, వాయించే తీగలు 4, తాళపు తీగలు 3. మెట్లు కూర్చున్నది మైనం మీద. ఆరడుగుల దూరంలో కూర్చుంటే గోరు తీగను తాకిన చిరుసవ్వడి ముందు వినిపిస్తుంది, ఆ తర్వాత స్వరం. ఎడమచేతి వేలు తీగను పక్కకు లాగినప్పుడు ఒక స్వరం ఇంకో స్వరంలోకి ఎలా జారుతుందో కంటితో కూడా చూడవచ్చు. కాయలు కాచిన వేలి కొన కనిపిస్తుంది. అదే వీణను పెద్ద ఆడిటోరియంలో నాలుగు లౌడ్‌స్పీకర్ల నుంచి వింటే మిగిలేది మోత. హనుమకొండకు కాళోజీ కళాక్షేత్రం వచ్చినందుకు సంతోషించినవాళ్లలో మేమూ ఉన్నాం. నాటకానికి, నృత్యానికి అలాంటి వేదిక కావాలి. కానీ వీణకు కావలసింది గది.

మైకు లేకపోవడం వల్ల మరో మేలు ఉంది. మన కట్టడాలు పాతవి. ఉత్సవాల పేరుతో వాటి ముందు పెట్టే సౌండు బాక్సుల అదురు ఆ రాళ్లకు ఎంత చేటో వాటిని కాపాడేవారికి తెలుసు. ఒక వయొలిన్, ఒక మృదంగం, ఒక తంబురా వల్ల ఏ స్తంభానికీ బీట పడదు. ఖుష్ మహల్ కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది కనుక అనుమతులు కావాలి. అడిగే విధంగా అడిగితే ఈ కచేరీలకు కాదనడానికి కారణం కనిపించదు.

మహిళలే ఎందుకు అని అడిగేవారికి కర్ణాటక సంగీత చరిత్రే జవాబు చెబుతుంది. పాడేది స్త్రీ అయితే ఆమె పక్కన కూర్చుని మృదంగం వాయించబోమని పేరు మోసిన విద్వాంసులే భీష్మించిన కాలం మరీ పాతది కాదు. గొంతుకు దొరికిన గౌరవం స్త్రీల చేతి వాద్యానికి దొరకడానికి చాలాకాలం పట్టింది. నిడుమోలు సుమతి గారు మృదంగంతో పద్మశ్రీ దాకా వెళ్లారు. అది 2021లో. అవసరాల కన్యాకుమారి గారి వయొలిన్ దేశదేశాల్లో మోగింది. వీరిద్దరూ తెలుగువారే. ఇక్కడ మట్టెవాడలోని విద్యారణ్య సంగీత నృత్య కళాశాల నుంచి చదువు ముగించి బయటికి వచ్చే అమ్మాయికి వాయించడానికి ఏడాదికి ఎన్ని వేదికలు దొరుకుతున్నాయి? పెళ్లిలో భోజనాల వేళ, సభలో ముఖ్య అతిథి వచ్చేలోగా కాలక్షేపానికి పిలిస్తే దానిని కచేరీ అనలేం.

కర్ణాటక సంగీతం దగ్గరే ఆగిపోవాలనీ మేము అనడం లేదు. జానపదుల శారదకథలో వంత పాడే ఇల్లాలు వాద్యం పలికించనిదే కథ ముందుకు సాగదు. చిందు ఎల్లమ్మ నిజామాబాద్ జిల్లా పల్లెల నుంచి వచ్చి చిందు యక్షగానానికే పేరు తెచ్చింది. వీరి వారసులను జాతరలప్పుడు ఊరేగింపు ముందు నడిపించి సరిపెడుతున్నాం. వీణకు వేసిన చాపే వీరికీ వేయాలి. అంతే నిశ్శబ్దంగా కూర్చుని వినాలి.

ఇక అసలు విషయం డబ్బు. ప్రవేశం ఉచితం అనగానే మన దగ్గర జరిగేది మాకు తెలుసు. శ్రోతకు ఉచితం, నిర్వాహకుడికి ఉచితం, చివరికి వాయించినామెకు మిగిలేది ఒక శాలువా, ఒక జ్ఞాపిక, రెండు ఫొటోలు. ఆటో కిరాయి ఆమె చేతి నుంచే పోతుంది. పైగా ‘అవకాశం ఇచ్చాం కదా’ అన్న మాట. మగ విద్వాంసుడితో పారితోషికం ముందే మాట్లాడుకునేవారు, ఆమె దగ్గర ఆ మాట ఎత్తడానికే మొహమాటపడినట్టు నటిస్తారు. ఇలా జరిపేటట్టయితే ఈ కచేరీలు జరపకపోవడమే మంచిది. శ్రోతకు ఉచితమైన కచేరీకి ఖర్చు పెట్టేవారు ఎవరో ఉండాలి. వాషింగ్టన్‌లో ఆ భారం దాతలు మోశారు. ఇక్కడ పర్యాటక, సాంస్కృతిక శాఖలు కొంత మోయాలి. వ్యాపారులు, విదేశాలలో స్థిరపడిన ఈ జిల్లాల బిడ్డలు కొంత మోయవచ్చు. కళాకారిణికి, పక్క వాద్యాలు వాయించేవారికి పారితోషికం ఎంతో ముందే కాగితం మీద రాసి, కచేరీ రోజే చేతికి ఇవ్వాలి.

ఇదేమీ మేము కొత్తగా కనిపెట్టిన మర్యాద కాదు. గణపతిదేవుడి గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని 13వ శతాబ్దం నడుమ రాసిన నృత్తరత్నావళిలో అధ్యాయాలు ఎనిమిది. చివరి అధ్యాయంలో ప్రదర్శనకు తగిన వేళ, సభాపతి, ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలి, నర్తకిని, వాద్యకారులను, కవిని ఎలా సత్కరించాలి అన్న విషయాలన్నీ ఉన్నాయి. ఏనుగులను నడిపిన సేనానికి ఇంత ఓపిక ఉంది. మన అధికారులకూ ఉంటుందని ఆశిస్తున్నాం.

వేళ సంగతి కూడా చూడాలి. రాత్రి ఎనిమిదికి మొదలైతే పరకాల నుంచి, జనగామ నుంచి వచ్చే అమ్మాయికి వినడానికీ వీలుండదు, వాయించడానికీ వీలుండదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి నాలుగున్నరకు ముగిస్తే వెలుగుండగానే బస్సు అందుతుంది. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద పన్నెండు కుర్చీలు, ఒక్కొక్కరికీ అరగంట ప్రసంగం వద్దు. రుద్రమదేవి ఏలిన నగరంలో ఆడవాళ్ల కచేరీకి ముందు మగవాళ్ల ఉపన్యాసాలు అక్కర్లేదు.

ఓరుగల్లు వీధుల్ని కళ్లకు కట్టించిన క్రీడాభిరామం అనే పాత తెలుగు రూపకంలో ఒక దృశ్యం ఉంది. వాద్యం వాయిస్తూ ద్విపదలో పల్నాటి వీరుల కథ పాడుతుంటుంది ఒక స్త్రీ. అక్షరం అక్షరానికీ కుర్రాళ్లు ఒళ్లు తెలియకుండా ఊగిపోతారు. ఆ దరువు ఎలా మోగిందో కవి మన చెవుల్లో వినిపించాడు, ఆమె పేరు మాత్రం రాయలేదు. ‘ఒక్కత’ అన్నాడంతే. మ్యూజియం గుమ్మం దగ్గర పెట్టే బోర్డు మీద ముఖ్య కళాకారిణి పేరుతో పాటు మృదంగం వాయించే అమ్మాయి పేరు, తంబురా వేసే అమ్మాయి పేరు ఇంటిపేర్లతో సహా అదే సైజు అక్షరాల్లో రాయించండి.