కంచెకే కంత పడిన రోజు

వాడుకరి ఇచ్చిన అక్షరాలను అతికించి క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) రాయొద్దని కోడింగ్ నేర్చుకునే ప్రతివాళ్లకూ చెబుతాం. అలా రాస్తే ఆ అక్షరాల్లో ఎవరైనా తమ ఆదేశాన్ని దూర్చేయగలరు. ఆ బెడదనూ తగ్గించేలా, వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ డ్రూపల్‌లో 2011 జనవరిలో వచ్చిన 7వ వెర్షన్, పీహెచ్‌పీ భాషలో డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓ మీద ఆబ్జెక్టుల పొర ఒకటి కట్టింది. డీబీ_సెలెక్ట్ అని పిలిస్తే ఒక ఆబ్జెక్ట్ చేతికొస్తుంది. దానికి ఫీల్డ్స్ (ఏ కాలమ్‌లు), కండిషన్ (ఏ షరతు), ఆర్డర్‌బై (ఏ క్రమం) వరసగా తగిలించి ఎగ్జిక్యూట్ అంటే చాలు, క్వెరీల భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను అదే రాసుకుంటుంది. విలువలు వాక్యంలో కలవకుండా ప్లేస్‌హోల్డర్ల (విలువ కోసం వదిలిన ఖాళీ గుర్తుల) ద్వారా విడిగా వెళ్తాయి.

2014 అక్టోబర్ 15న బయటపడ్డ కంత సరిగ్గా ఈ పొరలోనే ఉంది. ‘ఈ జాబితాలో ఉన్నవి’ అనే ‘ఇన్’ షరతుకు అరే (విలువల జాబితా) ఇస్తే, ఒక్కో విలువకు నేమ్_0, నేమ్_1 అంటూ ప్లేస్‌హోల్డర్ పేర్లు పుడతాయి. ఆ 0, 1 అనేవి అరే కీలు, అంటే జాబితాలో ఒక్కో విలువకున్న గుర్తులు. విలువలను అంత జాగ్రత్తగా వేరుచేసిన కోడ్, కీలను మాత్రం తెచ్చి క్వెరీలో కలిపేసింది. పీహెచ్‌పీలో ఫారం పంపేవాడే కీలను కూడా రాసి పంపగలడు. కీ ఉండాల్సిన చోట ఎస్‌క్యూఎల్ పెట్టి లాగిన్ ఫారానికి పంపితే, అకౌంట్ లేనివాడికి కూడా డేటాబేస్ లొంగిపోయేది. డ్రూపల్ 7.32లో వచ్చిన సవరణ ఒక్క వరుస: అరే_వాల్యూస్ అనే ఫంక్షన్‌తో ఆ కీలను పారేసి 0 నుంచి లెక్కపెట్టడం.

ప్రకటన వెలువడిన 7 గంటల్లో సరిచేయని ప్రతి డ్రూపల్ 7 సైటూ దాడికి గురైందనే భావించమని అక్టోబర్ 29న డ్రూపల్ భద్రతా బృందం చెప్పింది. మన గడియారంలో ఆ గడువు అక్టోబర్ 16 తెల్లవారుజామున 4:30కే ముగిసింది. ఇక్కడ సైట్లు చూసుకునేవాళ్లు నిద్ర లేచేసరికే ఆలస్యమైపోయిందన్న సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

అయితే చేత్తో ఎస్‌క్యూఎల్ రాసుకోవడమే మేలంటే ఒప్పుకోను. అలా రాస్తే ఇలాంటి కంతలు ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో వెతుక్కోవాలి. ఇక్కడ ఒక్కచోట పూడిస్తే ఆ పొర మీద ఆధారపడ్డ మాడ్యూళ్లన్నీ (సైట్‌కు తగిలించే కోడ్ భాగాలన్నీ) బాగయ్యాయి. నా ఫిర్యాదు పొర మీద కాదు, అది రాసే ఎస్‌క్యూఎల్‌ను ఒక్కసారైనా తెరిచి చూడని మన అలవాటు మీద. కోడ్ సమీక్షలో విలువ ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతాం, పేరు ఎక్కడినుంచి వచ్చిందని అడగం. ‘ధర వారీగా’ లింకు నొక్కగానే యూఆర్‌ఎల్‌లోని కాలమ్ పేరు నేరుగా ఆర్డర్‌బైకి చేరే కోడ్‌లో ప్లేస్‌హోల్డర్ చేయగలిగిందేమీ లేదు, అది విలువలకే కాపలా. ఆ పేరును మనం ముందే రాసిపెట్టుకున్న జాబితాతో సరిచూశాకే లోపలికి పంపాలి.